నీటి పరీక్ష ప్రాజెక్టుకు కెమికల్స్: ఏవి తెచ్చుకోవాలి, ఏవి వద్దు, ఎలా వాడాలి

"మా ఊరి బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయా?" అనే ప్రశ్నతో ఏటా సైన్స్ ఫెయిర్లకూ, బాలల సైన్స్ కాంగ్రెస్‌కూ బోలెడు ప్రాజెక్టులు తయారవుతుంటాయి. ప్రశ్న మంచిదే. కానీ చాలామంది ఒక పాత ప్రాక్టికల్ మాన్యువల్ పట్టుకుని, అందులోని కెమికల్స్ జాబితా అంతా కాగితం మీద రాసుకుని నేరుగా షాపుకు బయల్దేరతారు. ఆ జాబితాలో సగం మీకు అక్కర్లేదు. కొన్నయితే మీ చేతికి రానే కూడదు.

ఇది హైస్కూల్, ఇంటర్ పిల్లల కోసం రాసింది. పక్కన సైన్స్ టీచర్ గానీ లెక్చరర్ గానీ ఉంటారనుకునే రాస్తున్నాను. ఒంటరిగా ఇంట్లో చేద్దామనుకుంటే pH పేపర్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ దగ్గరే ఆగిపోండి.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"నీటి నాణ్యత" అనేది ప్రశ్న కాదు. "మా వీధిలో బోరు నీళ్లు పప్పు ఉడకనివ్వవు, కుళాయి నీళ్లతో బాగానే ఉడుకుతుంది, తేడా ఎంత?" అన్నది ప్రశ్న. దానికి కాఠిన్యం (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంత ఉన్నాయన్నది) పరీక్ష ఒక్కటి చాలు. "ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ చివరి ఇంటిదాకా వస్తోందా?" అన్నది ఇంకో ప్రశ్న. దానికి క్లోరిన్ పరీక్ష ఒక్కటి చాలు. నల్గొండ, ప్రకాశం జిల్లాల వైపు వాళ్లయితే ఫ్లోరైడ్ గురించి అడగకుండా ఉండలేరు, అడగాలి కూడా.

ప్రశ్న ఇంత సూటిగా ఉంటే పదిహేను సీసాల జాబితా మూడు నాలుగు సీసాలకు దిగుతుంది. ప్రమాదం తగ్గించడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. గ్లౌజులు, కళ్లద్దాలు అన్నీ దీని తర్వాతే.

పోల్చుకోవడానికి తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 దగ్గర పెట్టుకోండి. అందులో pH 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యానికి ఈ హద్దులు 200, 600. క్లోరైడ్‌కు 250, 1000. ఫ్లోరైడ్‌కు 1.0, 1.5. నైట్రేట్‌కు 45 ఒక్కటే హద్దు, సడలింపు లేదు.

2. ఈ పరీక్షలు మీరు చేయొద్దు

పాత మాన్యువళ్లలో ఇవి మామూలుగానే కనిపిస్తాయి. అయినా స్కూలు బల్ల మీదకు రావాల్సినవి కావు.

నీటిలోని సేంద్రియ మాలిన్యాన్ని కొలిచే సీఓడీ పరీక్షలో పొటాషియం డైక్రోమేట్, పాదరసం లవణం, గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ మూడూ ఉంటాయి, పైగా వాటిని వేడి చేయాలి. అది ల్యాబ్‌వాళ్ల పని. అమ్మోనియాకు వాడే నెస్లర్ రీఏజెంట్‌ (పరీక్షకు కలిపే కెమికల్)లోనూ పాదరసమే. నైట్రేట్‌కు కొన్ని పుస్తకాలు చెప్పే బ్రూసిన్ విషపదార్థం, స్ట్రిక్నిన్‌కు చుట్టం. నీళ్లలో ముంచితే రంగు మారే నైట్రేట్ స్ట్రిప్‌లు దొరుకుతున్నప్పుడు దాని జోలికి ఎందుకు? కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతిలో సోడియం అజైడ్ వాడతారు. ఇది అతి తక్కువ మోతాదులోనూ ప్రాణాంతకం, ఆసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. చెరువు నీటిలో ఆక్సిజన్ చూడాలంటే దగ్గర్లోని కాలేజీలో డీఓ మీటర్ అడిగి తెచ్చుకోండి.

క్లోరైడ్‌కు చేసే మోర్ టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని కొలుస్తూ చుక్కలుగా వదిలి, రంగు మారిన చోట ఆపే పరీక్ష) విషయంలో టీచర్లు నాతో ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే అది అందరూ చేసేదే. కానీ అందులో సూచికగా వేసే పసుపుపచ్చటి పొటాషియం క్రోమేట్ క్యాన్సర్ కారకం. డిగ్రీ ల్యాబ్‌లో సరే. హైస్కూల్‌లో మాత్రం క్లోరైడ్ స్ట్రిప్‌తో సరిపెట్టుకోండి, ప్రాజెక్టుకు వచ్చే లోటేమీ లేదు.

3. కొనకముందు అడిగి చూడండి

ఊళ్లోనే కిట్ ఉండొచ్చు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పించారు. పంచాయతీ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. pH, కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, మిగులు క్లోరిన్ లాంటివి ఆ కిట్‌లో చుక్కలు లెక్కపెట్టి, రంగులు పోల్చి చూసేలా ఉంటాయి. గాఢమైన ఆసిడ్ సీసాలు తెరిచే పని మీకు తగ్గుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: కిట్‌లోని ప్రతి సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న కిట్ చూపించే రంగును నమ్మలేం.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు, తెలంగాణలో మిషన్ భగీరథ వాళ్ల ల్యాబులు కూడా ఉన్నాయి. మీ శాంపిళ్లలో రెండు మూడింటిని అక్కడ కూడా పరీక్ష చేయించండి. మీ అంకె, వాళ్ల అంకె పక్కపక్కన పెట్టి చూపిస్తే జడ్జిలు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చేతిలో ఉన్నట్టే.

4. కొనాల్సి వస్తే

కొనేది విద్యార్థి కాదు, స్కూలు. బిల్లు స్కూలు పేరు మీద ఉండాలి, సరుకు స్కూలుకే రావాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఆసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 18 ఏళ్లు నిండని వారికి ఆసిడ్ అమ్మకూడదు. కొనేవారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, ఎందుకు కొంటున్నారో చెప్పాలి, అమ్మేవాడు ఆ వివరాలు రిజిస్టర్‌లో రాయాలి. విద్యాసంస్థలు కూడా వాడకం రిజిస్టర్ పెట్టాలి, ఆసిడ్ భద్రతకు ఒక వ్యక్తిని బాధ్యుడిగా నియమించాలి, ల్యాబ్ నుంచి బయటకు వెళ్లేవారిని తనిఖీ చేయాలి. కాబట్టి బాత్రూం ఆసిడ్ అమ్మే షాపులో "ఒక బాటిల్ ఇవ్వు అన్నా" అని తెచ్చుకుని దానితో ప్రాజెక్టు చేద్దామన్న ఆలోచన ఇక్కడే వదిలేయండి. అందులో ఇనుము లాంటి మలినాలుంటాయి, పరీక్షకూ పనికిరాదు.

కాలేజీలకు గ్లాస్‌వేర్ సప్లై చేసే సైంటిఫిక్ స్టోర్స్ పెద్ద పట్టణాలన్నిట్లో ఉంటాయి. హెడ్మాస్టర్ సంతకంతో లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. ఏ కెమికల్, ఎంత, ఏ గ్రేడ్, ఏ పరీక్షకు, ఎవరి దగ్గర భద్రంగా ఉంటుంది అన్న ఐదు సంగతులు ఉంటే చాలు. ఎల్ఆర్ (లాబొరేటరీ రీఏజెంట్), ఏఆర్ (అనలిటికల్ రీఏజెంట్) అని రెండు గ్రేడ్లు చెబుతారు. టైట్రేషన్‌కు ఏఆర్ మేలు, మిగతా వాటికి ఎల్ఆర్ సరిపోతుంది.

పేరు ఒక్కటే చెప్పి కొంటే ఇబ్బంది ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణ చూడండి. కాఠిన్యం పరీక్షలో నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే కెమికల్ ఈడీటీఏ. "ఈడీటీఏ ఇవ్వండి" అంటే షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి ఈడీటీఏ ఆసిడ్ రూపం, నీళ్లలో సరిగా కరగదు, ఎంత కలిపినా అడుగున తెల్లగా మిగిలిపోతుంది. మీకు కావాల్సింది డైసోడియం లవణం. సీసా మీద ఉండే క్యాస్ నంబర్ (ఒక్కో కెమికల్‌కు ఒక్కో గుర్తింపు సంఖ్య) చూస్తే తికమక ఉండదు: డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్‌ది 6381-92-6, ఆసిడ్‌ది 60-00-4. ఆర్డర్ కాగితం మీద పేరు పక్కన ఈ నంబర్ రాసే అలవాటు చేసుకోండి.

ఎంత కొనాలో కూడా లెక్క వేసుకోవాలి. 20 శాంపిళ్లు, ఒక్కోటి రెండుసార్లు, ఒక్కో టైట్రేషన్‌కు సుమారు 18 మి.లీ. అనుకుంటే 720 మి.లీ. అవుతుంది. అంటే ఒక లీటరు ద్రావణం చాలు, అందులో పట్టే పొడి 3.723 గ్రాములే. అంతకోసం 500 గ్రాముల డబ్బా ఎందుకు? 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం రెడీమేడ్‌గా దొరుకుతుంది, అదే తెప్పించండి. లేదంటే పక్క కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టీచర్ ద్వారా అడగండి, ఈపాటి పొడికి ఎవరూ కాదనరు.

సీసాతో పాటు ఎస్‌డీఎస్ అడగండి. అంటే ఆ పదార్థం భద్రతా వివరాల పత్రం. తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటుంది. పదహారు భాగాలూ చదవక్కర్లేదు. 2వ భాగంలో ప్రమాదం ఏమిటి, 4లో ప్రథమ చికిత్స, 7లో ఎలా నిల్వ చేయాలి, 8లో ఏం తొడుక్కోవాలి, 13లో ఎలా పారేయాలి అన్నవి ఉంటాయి. ఈ ఐదూ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

రవాణా గురించి ఒక్క మాట. ఆసిడ్, అమ్మోనియా సీసాలు స్కూలు బ్యాగులో వేసుకుని బస్సెక్కడం, రైలెక్కడం వద్దు. రైల్లో అయితే అది నేరం కూడా. షాపువాళ్లే స్కూలుకు చేర్చేలా మాట్లాడుకోండి.

5. నిల్వ, లేబుల్

మన ఇళ్లలో ఒక పాడు అలవాటుంది. ఫినాయిల్ గానీ, కిరోసిన్ గానీ, ఇంకేదైనా గానీ ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పెడతాం. కెమికల్ విషయంలో ఇది ప్రాణాల మీదకు తెస్తుంది. శాంపిల్ నీళ్లు వాటర్ బాటిల్లో తేవచ్చు, రీఏజెంట్ మాత్రం ఎప్పుడూ తాగే బాటిల్లోకి వెళ్లకూడదు.

మీరు కలిపిన ప్రతి ద్రావణానికీ లేబుల్ ఉండాలి. ఇలా:

ఈడీటీఏ ద్రావణం, 0.01 ఎం
తయారు చేసిన తేదీ:
చేసినవారు:
కాఠిన్యం పరీక్షకు మాత్రమే. తాగరాదు.

పెన్సిల్‌తో గానీ మార్కర్‌తో గానీ రాసి పైన పారదర్శక టేపు అంటించండి. జెల్ పెన్ను తడికి కారిపోతుంది.

కాఠిన్యం పరీక్షలో pHను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం కలపడానికి అమ్మోనియా వాడతారు. ఆ సీసాను ఎండ తగలని చోట, ఆసిడ్‌కు దూరంగా, తాళం ఉన్న బీరువాలో కింది అరలో పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో గాఢ అమ్మోనియా సీసా లోపల ఒత్తిడి పెరుగుతుంది, మూత తిప్పగానే ముఖం మీదకు కొడుతుంది. తెరిచే ముందు చల్లటి నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచుతారు. అసలు ఆ అవసరం లేకుండా రెడీమేడ్ కాఠిన్యం బఫర్ కొనుక్కోవడం ఉత్తమం. దానికీ ఘాటు ఉంటుంది కానీ ఇంత ఉండదు.

6. డిస్టిల్డ్ వాటర్

పెట్రోల్ బంకులో, బ్యాటరీ షాపులో దొరికే బ్యాటరీ వాటర్ చాలా పరీక్షలకు సరిపోతుంది. అయితే అదే షాపులో బ్యాటరీ ఆసిడ్ కూడా అలాంటి క్యాన్లలోనే అమ్ముతారు. అది సల్ఫ్యూరిక్ ఆసిడ్. లేబుల్ మీరే చదివి తీసుకోండి. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కాదు, వాటిలో లవణాలుంటాయి. ఏ నీళ్లు తెచ్చినా ముందు వాటి మీదే పరీక్ష చేయండి. కాఠిన్యం సున్నాకు దగ్గరగా రాకపోతే ఆ నీళ్లు వాడొద్దు.

7. చేసేటప్పుడు: కాఠిన్యం పరీక్ష

ముందు ఒంటి సంగతి. కాటన్ ఆప్రాన్, కళ్లను పక్కల నుంచి కూడా మూసే గాగుల్స్, నైట్రైల్ గ్లౌజులు, బూట్లు. చలువ కళ్లద్దాలు, హవాయి చెప్పులు పనికిరావు. జడ ముడేసుకోండి, చున్నీ వెనక్కి కట్టుకోండి. గ్లౌజులతో ఫోన్ ముట్టుకోకండి. ఫొటోలు తీయడానికి ఒకరిని విడిగా పెట్టుకోండి, వాళ్లు సీసాలు ముట్టుకోరు. అక్కడ టీ, బిస్కెట్లు వద్దు.

ఫ్యూమ్ హుడ్ (ఘాటు ఆవిర్లను బయటకు లాగేసే గూడు) ఉన్న స్కూళ్లు మన దగ్గర అరుదు. అందుకని బఫర్ పోసే పని వరండాలోనో, కిటికీలు తెరిచిన గదిలోనో గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయండి.

పిపెట్‌ను నోటితో పీల్చడం ఇప్పటికీ కొన్ని ల్యాబుల్లో కనిపిస్తుంది. "మేమంతా అలాగే నేర్చుకున్నాం" అని పెద్దవాళ్లు అన్నా సరే, వద్దు. రబ్బరు బల్బు ఖరీదు ఎంతో ఉండదు. అదీ లేకపోతే సూది తీసేసిన సిరంజి వాడండి.

కోనికల్ ఫ్లాస్క్‌లో 50 మి.లీ. శాంపిల్ తీసుకోండి. 1 నుంచి 2 మి.లీ. బఫర్ కలిపితే pH 10 దగ్గరకు వస్తుంది. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ పొడి చిటికెడు వేయండి. ఈ సూచికను ఆల్కహాల్ ద్రావణంగా కొంటే కొన్నాళ్లకే పాడవుతుంది. ఉప్పుతో కలిపి నూరిన పొడి రూపం చాలాకాలం నిలుస్తుంది. చిటికెడంటే నిజంగా చిటికెడే, స్పాచులా కొసమీద నిలిచేంత. ఎక్కువైతే రంగు చిక్కబడి మార్పు కనిపించదు.

నీళ్లు ద్రాక్షరసం ఎరుపులోకి వస్తాయి. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ వదులుతూ ఫ్లాస్క్ తిప్పుతూ ఉండండి. చాలాసేపు ఏమీ మారదు. తర్వాత ఎరుపులో ఊదా ఛాయ కనబడుతుంది. ఇక్కడే తొందరపడతారు. ఇక ఒక్కో చుక్క వదిలి మూడు నాలుగు సెకన్లు ఆగాలి, చివర్లో చర్య నెమ్మదిగా జరుగుతుంది. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి స్వచ్ఛమైన నీలం రాగానే ఆపండి. ఊదా రంగు దగ్గర ఆపితే రీడింగ్ తక్కువ వస్తుంది, నీలం వచ్చాక కూడా పోస్తే రంగు మారదు కానీ రీడింగ్ పెరిగిపోతుంది. ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం పెట్టుకోండి. బఫర్ వేశాక ఐదు నిమిషాల్లోపే ముగించాలి, లేకపోతే కాల్షియం కార్బోనేట్ అడుగుకు దిగడం మొదలై లెక్క తప్పుతుంది.

ఈడీటీఏ 17.4 మి.లీ. ఖర్చయితే, దాన్ని 20తో గుణించండి. లీటరుకు 348 మిల్లీగ్రాములు. 200 దాటింది, 600 లోపుంది. బోరు నీళ్లు మరీ కఠినంగా ఉండి బ్యూరెట్ ఖాళీ అయ్యేలా ఉంటే శాంపిల్ 25 మి.లీ. తీసుకుని, దానికి 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన రీడింగ్‌ను 40తో గుణించండి.

మీ ద్రావణం సరైనదేనా అని తెలుసుకోవాలంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కాల్షియం కార్బోనేట్ ఉన్న స్టాండర్డ్ 10 మి.లీ. తీసుకుని టైట్రేట్ చేయండి. సరిగ్గా 10 మి.లీ. ఈడీటీఏ పట్టాలి. 10.3 పట్టిందంటే మీ ద్రావణం కాస్త పలుచన, కాబట్టి ప్రతి ఫలితాన్నీ 10/10.3తో గుణించాలి. ఈ ఒక్క లెక్క రిపోర్టులో కనిపిస్తే ప్రాజెక్టు స్థాయి మారిపోతుంది.

8. మిగతా పరీక్షలు, క్లుప్తంగా

pH మీటర్‌ను 4, 7, 9.2 బఫర్ టాబ్లెట్లతో సరిచూసుకోండి. pHకీ, టీడీఎస్‌కూ ఇంతకు మించి జాగ్రత్త అక్కర్లేదు.

మిగులు క్లోరిన్ కుళాయి దగ్గరే చూడాలి. స్కూలుకు తెచ్చేలోపు ఎగిరిపోతుంది. పసుపు రంగు వచ్చే ఆర్థోటాలిడిన్ చుక్కలకు బదులు గులాబీ రంగు వచ్చే డీపీడీ టాబ్లెట్ వాడండి. ఆర్థోటాలిడిన్ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు కనిపించాలి.

ఫ్లోరైడ్ శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే తేవాలి, గాజులో వద్దు. కిట్‌లోని జిర్కోనియం రీఏజెంట్‌లో గాఢమైన ఆసిడ్ ఉంటుంది కాబట్టి చుక్కలు టీచరే వేయాలి. ఫలితం 1.5 దాటితే ఊళ్లో చాటింపు వేయకుండా ముందు ప్రభుత్వ ల్యాబ్‌లో నిర్ధారించుకోండి. రంగు పోల్చి చెప్పిన అంకెతో ఒక వీధి మొత్తానికి టెన్షన్ పెట్టడం సరికాదు.

బ్యాక్టీరియా కోసం హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసా వాడితే, నీళ్లు పోశాక 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే కలుషితమని అనుమానించాలి. నల్లబడిన సీసాలో ఉన్నవి బతికున్న క్రిములు. ఇంట్లో మూత తీయకండి. స్కూల్లో టీచర్ సమక్షంలో బ్లీచింగ్ ద్రావణం పోసి రాత్రంతా ఉంచి తర్వాతే పారేయాలి.

9. ఏదైనా జరిగితే

కంట్లో పడితే మరో ఆలోచన లేకుండా కుళాయి కింద, రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి. చర్మం మీద పడినా అంతే, తడిసిన బట్ట తీసేయాలి. ఆసిడ్ పడిన చోట సోడా పొడి, పసుపు, టూత్‌పేస్ట్ లాంటివి రాయొద్దు, నీళ్లు తప్ప ఏమీ వద్దు. మింగితే వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, సీసానూ ఎస్‌డీఎస్ కాగితాన్నీ ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది ఏం మింగారు, ఎంత మింగారు అనే.

పని మొదలుపెట్టేముందు కుళాయిలో నీళ్లు వస్తున్నాయా లేదా చూడండి. రాకపోతే ఆ రోజు వాయిదా.

10. అయిపోయాక

టైట్రేషన్ చేసిన ఈడీటీఏ వ్యర్థం కొద్దిపాటిదే కాబట్టి ధారాళంగా నీళ్లు వదులుతూ సింకులో పోయొచ్చు. చెరువులో, బావి పక్కన, మొక్కల కుండీలో పోయకండి. కిట్‌లోని ఆసిడ్ రీఏజెంట్ల వ్యర్థాన్ని వేరే సీసాలో, లేబుల్ వేసి టీచర్‌కు ఇవ్వండి.

అన్నీ ఒకే బకెట్లో పోయడం మాత్రం చేయొద్దు. బ్లీచింగ్ ద్రావణానికి ఆసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు, అమ్మోనియా బఫర్ తగిలితే క్లోరమైన్ వాయువు వస్తాయి. హెచ్2ఎస్ సీసాల కోసం కలిపిన బ్లీచింగ్ బకెట్‌ను, కాఠిన్యం పరీక్ష బల్లకు దూరంగా వేరే గదిలో పెట్టండి.

మిగిలిన కెమికల్స్ ఇంటికి తీసుకెళ్లకండి, తర్వాతి బ్యాచ్ పిల్లలకు బహుమతిగా ఇవ్వకండి. స్టాక్ రిజిస్టర్‌లో ఎంత కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది రాసి, టీచర్ సంతకం తీసుకుని బీరువా తాళం వేయించండి.